వరుసలో చివర ఓట్స్

హఫీజ్‌పేట్,
ఆదివారం సాయంత్రం.

అమ్మకు,

ప్రభువు పేరట నీ జాస్మిన్ వందనాలు. నాన్న, అమ్మమ్మ, నేను బాగానే ఉన్నాం. మస్కట్‌లో నీకు నైట్ డ్యూటీలు తగ్గాయని తలుస్తున్నాం.

పోయిన ఉత్తరంలో రెండు అడిగావు. సండే స్కూల్లో చిన్నపిల్లలకు ఏం చెబుతున్నావని ఒకటి, నువ్వు పంపిన బిస్కెట్లు అమ్మమ్మ తింటోందా అని ఇంకొకటి. మొదటిదానికి గర్వంగా జవాబు రాస్తాను. రెండోదానికి కొంచెం ధైర్యం కావాలి.

లెక్కల్లో నేర్చుకున్న ‘అవరోహణ’ అన్న మాట నాకెంత ఇష్టమో! పలుకుతుంటేనే మెట్లు దిగుతున్నట్టుంటుంది. పొట్లాల వెనక పదార్థాల పేర్లు ఆ క్రమంలోనే ఉంటాయి. ఏది ఎక్కువ వేస్తే అది ముందు. ఇవాళ పాఠం అయ్యాక ఒక బిస్కెట్ పొట్లం తిప్పి, పిల్లలకు తలా ఒక పేరిచ్చి వరుసలో నిలబెట్టాను. ముందు మైదా, మన ఫిలిప్. రెండోది చక్కెర, రసజ్ఞ. తర్వాత నూనె, ఉప్పు, ఇంకేవేవో. చిట్టచివర ఓట్స్, ఐదేళ్ల ఆదర్శ్.

వాడు ఊరుకుంటాడా!

"గిదేంది అక్కా? అట్ట మీద పెద్ద బొమ్మ నాదే ఉంది. నన్ను ఆఖర్ల నిలబెట్టినవేంది?"

"బొమ్మ ముంగట, నువ్వు ఎనక!" రసజ్ఞ వెక్కిరించింది. "నేను చూడు, రెండో నంబర్!"

నేను చెప్పాలనుకున్నదంతా వాళ్లే చెప్పేశారమ్మా. ఎంత పొంగిపోయానో!

ఆదర్శ్ ఏడుపు లంకించుకున్నాడు. వెనక బెంచీలోంచి అమ్మమ్మ లేచొచ్చి వాణ్ని దగ్గరకు తీసుకుంది. "ఏడవకురా నాన్నా. నీ బొమ్మ చూసే మా అమ్మాయి రూతు కూడా కొన్నది."

అవునమ్మా. అది నువ్వు పంపిన పొట్లమే. షుగరుకు మంచివని నువ్వు పంపితే, అమ్మమ్మ పూటకు నాలుగు తింటోంది. వద్దంటే, "పంపింది నర్సే, నీకేం తెలుసు?" అనేది. మొన్న పరీక్ష చేయిస్తే షుగర్ బాగా పెరిగింది. డాక్టరుగారు మందు మార్చారు, కంగారుపడకు. నీకు చెప్పొద్దని అమ్మమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఆ మాట ఇవాళ తప్పుతున్నాను. నేను చెబితే వినదనే, కావాలని ఆ పొట్లమే పట్టుకెళ్లాను.

ఇంటికొస్తూ షాపు దగ్గర ఆగాం. అమ్మమ్మ ఒక పొట్లం అందుకుంది. బొమ్మ వంక చూడనే లేదు. కళ్లజోడు సర్దుకుని, వెనక్కి తిప్పి, "మన ఆదర్శ్‌గాడు ఎక్కడున్నాడే?" అంది.

చివరే ఉన్నాడు. పొట్లం అక్కడే పెట్టేసి, వేయించిన శనగలు కొనుక్కుంది.

ఇట్లు,
ఈసారి నువ్వూ వెనక్కి తిప్పి చూస్తావని నమ్మే
నీ కూతురు
జాస్మిన్