సంపూర్ణమ్మ రాసిన వ్యాసం

4 ఆగస్టు 2025, సోమవారం

ఈ డైరీ చేపల మేత కంపెనీ వాళ్ళు ఇచ్చింది. జనవరి నుంచి బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. నాకు రాయడానికి ఏముందిలే అనుకున్నాను. ఇవాళ ఉంది! మా రూబీకి ఉద్యోగం వచ్చింది. ప్రభువా, నీకు స్తోత్రం, స్తోత్రం.

ఆన్‌లైన్ జర్నల్‌లో కాపీ ఎడిటర్. ఆఫీసు భీమవరంలో. పని మాత్రం ఇక్కడే, పాలకొల్లులో, మా ముందుగదిలో, లాప్‌టాప్ మీద. ప్రొఫెసర్లు రాసి పంపిన వ్యాసాల్లో తప్పులు మా అమ్మాయి సరిచేస్తుంది. ఏడో క్లాసుతో ఆగిపోయి ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోసినవాడి కూతురు! పాలాయనకి చెప్పాను. జర్నల్ అంటే ఏంటండి అన్నాడు. నాకూ సరిగ్గా తెలీదు. చదువుకున్నవాళ్ళు చదువుకునేది అని చెప్పేశాను.

ముందు కొన్నాళ్ళు ట్రయల్ అంట. పెద్ద తప్పు ఒక్కటి వదిలేస్తే ఇంటికి పంపేస్తారంట. ఇంట్లోనే కదమ్మా ఉన్నావు అన్నాను. గట్టిగా నవ్వింది. వాళ్ళమ్మ పోయిన ఈ రెండేళ్ళలో ఈ ఇంట్లో అలాంటి నవ్వు వినలేదు.

6 ఆగస్టు

పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. హెడ్డింగులు ఒక్కోడు ఒక్కోలా పెడతాడు, అన్నీ ఒక్కలా చేస్తుంది. వ్యాసం చివర రిఫరెన్సులు అని ఉంటాయి. ఫలానా మాట ఫలానా ఆయన రాసినదాంట్లోంచి తీసుకున్నాను అని రచయిత చెప్పుకోవడం. రూబీ ఒక్కొక్క లింకూ నొక్కుతుంది. తెరుచుకుంటే పచ్చరంగు వేస్తుంది. తెరుచుకోకపోతే పసుపు.

అంటే వీళ్ళు చెప్పే మనుషులు నిజంగా ఉన్నారో లేదో నువ్వు చూస్తున్నావా అని అడిగాను. అంతే నాన్నా అంది. ఎంత గొప్ప పని! చర్చిలో సాక్ష్యం చెప్పించి రాసుకున్నట్టే ఉంది.

9 ఆగస్టు, శనివారం

అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ.

మధ్యాహ్నం రూబీ పని చేస్తా చేస్తా ఆగిపోయింది. ఏంటమ్మా అన్నాను. వెళ్ళి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు కూడబలుక్కుంటే వస్తాయి. సంపూర్ణమ్మ, కె. అని ఉంది. 1997. మిగతాది రూబీ తెలుగులో చెప్పింది. గోదావరి పాయల్లో పడవల మీద పురుళ్ళు, ఒక మంత్రసాని మాటలు. అదీ వ్యాసం పేరు.

కె అంటే కొల్లాబత్తుల. మా ఇంటిపేరు. లంకల్లో పురుళ్ళు పోసి, తర్వాత ఇక్కడ నర్సింగ్ హోమ్‌లో ఆయమ్మగా చేసి, చేతులకి డెటాల్ వాసనతోనే పోయిన నా సంపూర్ణ!

నేను ఏడ్చేశాను. రూబీ నీళ్ళు తెచ్చింది. సంపూర్ణమ్మలు చాలామంది ఉంటారు నాన్నా, లింకు కూడా తెరుచుకోవట్లేదు, తొందరపడకు అంది. మంత్రసాని సంపూర్ణమ్మలు, ఇంటిపేరు కె తో, ఎంతమంది ఉంటారే అన్నాను. సంతకం పెట్టమంటే బొటనవేలు చాపిన మనిషి. ఎవరో రాసుకుని ఆవిడ పేరు పెట్టి ఉంటారు. పుణ్యాత్ములు!

ఆ పేరు మీద రూబీ పసుపు రంగు వేసింది. సంపూర్ణ పెళ్ళినాటి చీరా అదే రంగు.

10 ఆగస్టు, ఆదివారం

చర్చిలో కృతజ్ఞతార్పణ కవరు మీద రాసి ఇచ్చేశాను. నా భార్య కీర్తిశేషులు సంపూర్ణమ్మ చెప్పిన వ్యాసం జర్నల్‌లో అచ్చయినందుకు దేవునికి కృతజ్ఞతలు అని. రూబీ నా చొక్కా లాగింది, అప్పటికే కవరు కానుకల సంచిలో పడిపోయింది. పాస్టరు అయ్యగారు మైకులో చదివారు. అందరూ చప్పట్లు! ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. మా పెద్దోడు ఆవిడ చేతుల్లోనే పడ్డాడండి అని ఒకరు, మా కవలలు అని ఒకరు. కాపీ తెచ్చి చూపించమన్నారు. అయ్యగారు ఫ్రేము కట్టించి చర్చిలో పెడదాం అన్నారు.

ఆ పూట నేను నడిచి ఇంటికి రాలేదు. తేలుకుంటా వచ్చాను.

11 ఆగస్టు

చేపలమ్మే మరిడమ్మ వచ్చింది. దానికి కబురు ఎలా చేరిందో! గుమ్మంలో గంప దింపి, బాబాయ్‌గారూ, పిన్ని పేపర్లో పడిందంట కదా అంది. పేపరు కాదే, జర్నల్ అన్నాను. ఏదైతే ఏంటి, ఆ టేపురికార్డరు ఆయనేగా వేసింది అంది. ఎవరాయన అన్నాను. అయ్యో, మీరు ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు వచ్చాడు, కళ్ళజోడు ఆయన, పిన్ని అరుగు మీద కూర్చుని చెప్పింది, ఆయనకి టీ ఇచ్చింది నేనే, చక్కెర ఎక్కువైందన్నాడు అంది.

విన్నావా అని లోపలికి కేకేశాను. రూబీ బయటికి రాలేదు.

13 ఆగస్టు

రూబీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

14 ఆగస్టు, గురువారం

చెప్పేసింది. ఆ వ్యాసం లేదంట.

తెరుచుకోకపోవడం కాదు, అసలు లేనే లేదంట. ఆ పత్రిక ఉంది, ఆ సంచిక ఉంది, ఆ పేజీల్లో మాత్రం కొబ్బరి చెట్లకి ఎరువుల గురించి ఎవరో రాసింది ఉంది. వ్యాసం పంపిన లెక్చరర్ మేడమ్ రిఫరెన్సులు ఏఐతో రాయించిందంట. అది లేని పుస్తకాల్ని, లేని మనుషుల్ని ఉన్నట్టే రాసేస్తుందంట, పేరు, ఏడాది, పేజీ నంబర్లతో సహా.

మరి మరిడమ్మ టీ ఎవరికిచ్చింది అన్నాను.

నాన్నా, మరిడమ్మ పోయినేడు దయ్యానికి కూడా చేప అమ్మానని చెప్పింది అంది.

నవ్వు రాలేదు నాకు. వదిలెయ్యమ్మా, ఉండనియ్యి, అది ఎవరికి అడ్డం అన్నాను. ఇద్దరం అరుచుకున్నాం. నేను వదిలేస్తే ఇక్కడినుంచి ఇంకోళ్ళు ఎత్తుకుని రాస్తారు నాన్నా, రేపు ఎవరో పిల్ల అమ్మ మాటల కోసం లైబ్రరీలన్నీ వెతుకుతుంది, ఏమీ దొరకదు, నా ఉద్యోగం కూడా పోతుంది అంది. ఉద్యోగం పోతే నేను మళ్ళీ ఐస్ దిమ్మలు మోస్తాను అన్నాను. మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఆ మాట అన్నాను.

నెలాఖరుకి ఇష్యూ బయటికి వెళ్ళిపోవాలి. ఆలోపు తీసెయ్యాలంట. నేను తియ్యొద్దు అంటున్నాను.

17 ఆగస్టు, ఆదివారం

చర్చిలో కాపీ ఏదండి అన్నారు. వస్తుంది అన్నాను. ఆవిడ ఫోటో కూడా వేశారంట కదా, అంచు చీరలో, అని ఒకావిడ అంది. ఎవరు చెప్పారండి అన్నాను. చూసినవాళ్ళు చెప్పారండి అంది.

మధ్యాహ్నం ముందుగదిలో డెటాల్ వాసన. రూబీని అడిగాను, ఇల్లు తుడిచావా అని. లేదంది. తను ముక్కు ఎగబీల్చి, వెంటనే లేచి కిటికీ తీసింది.

20 ఆగస్టు

ఇంకో వ్యాసం వచ్చింది. ఇంకో ఊరు, ఇంకో రచయిత. అందులోనూ సంపూర్ణమ్మ, కె.

రూబీ ముఖంలో రక్తం లేదు. ఒకే యంత్రాన్ని అడిగితే ఒకే అబద్ధం చెబుతుంది నాన్నా అంది. ఇద్దరు సాక్షులు చెబితే మాట స్థిరపడుతుంది కదమ్మా అన్నాను. లాప్‌టాప్ టప్పున మూసేసి అరిచింది, అమ్మ చచ్చిపోయింది నాన్నా అని.

వీధిలో వాళ్ళకి వినపడి ఉంటుంది. వినాల్సినవాళ్ళు వంటింట్లో ఉంటే వాళ్ళకీ వినపడి ఉంటుంది. ఎందుకిలా రాశానో తెలీదు. కొట్టెయ్యను.

22 ఆగస్టు, శుక్రవారం

పొద్దున రూబీ ఇంకా లేవలేదనుకుని ముందుగదిలోకి వెళ్ళాను. అప్పటికే కూర్చుని ఉంది. నన్ను చూడలేదు. ఆ పసుపు లింకు నొక్కింది. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. తెరుచుకోలేదు. కొంచెం ఆగి మళ్ళీ.

రోజూ పని మొదలుపెట్టే ముందు ఇదే చేస్తున్నానని ఒప్పుకుంది. లేదని తెలిసీ నొక్కుతున్నాను నాన్నా, ఏదో ఒక రోజు తెరుచుకుంటుందని, అమ్మ మాట్లాడుతుందని. ఇలా ఉంటే నాకు పిచ్చెక్కిపోతుంది అంది. కళ్ళకింద నల్లగా ఉంది పిల్లకి. ఈ ఇంట్లో దాన్ని పట్టించుకోవలసినవాడు ఇన్నాళ్ళూ చప్పట్లు వినుకుంటా కూర్చున్నాడు.

తీసెయ్యమ్మా అన్నాను.

తన చెయ్యి కదల్లేదు. నువ్వు నొక్కు నాన్నా అంది. నా వేలు పట్టుకుని మీట మీద పెట్టింది. నొక్కాను. పసుపు గీత పోయింది. అంతలోనే కిందున్న పేరు జరిగి పైకొచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. మన సమాధుల తోటలో కూడా ఇంత తొందరగా చోటు పూడదు.

24 ఆగస్టు, ఆదివారం

చర్చిలో లేచి నిలబడి చెప్పాను. ఆ వ్యాసం లేదండి, పొరపాటు, క్షమించండి అని. ఎవరూ నమ్మలేదు! పెద్దాయన ముసలితనంలో మర్చిపోతున్నారు పాపం అన్నట్టు చూశారు. అయ్యగారు నా భుజం తట్టి, ఉందండి ప్రకాశంగారూ, మా ఆవిడ చదివింది అన్నారు.

సాయంత్రం మరిడమ్మ వచ్చి రూబీని తిట్టింది. కన్నతల్లి పేరు చెరిపేసుకున్నావంట కదే, నీకు చేతులు ఎలా వచ్చాయే అని. నొక్కింది నేనే మరిడమ్మా అన్నాను. అది గంప ఎత్తుకుని, ఇంక మీ ఇంటికి చేప తేను బాబాయ్‌గారూ అని వెళ్ళిపోయింది. వీధి చివర దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, మా ఇంటి వంక కాదు, మా అరుగు వంక దణ్ణం పెట్టింది. అరుగు మీద ఎవరూ లేరు. నేను గుమ్మంలో ఉన్నాను.

27 ఆగస్టు, వినాయక చవితి

పందిట్లో మైకు. రూబీ ఆఖరి ప్రూఫు చూస్తోంది. చిన్నగా పిలిచింది.

రెండు వ్యాసాల్లోనూ ఆ రిఫరెన్సు తీసేశాం. మొదటి వ్యాసం మధ్యలో దాన్ని ఆసరా చేసుకున్న వాక్యం మాత్రం ఉండిపోయింది. అది ఇప్పుడు ఎవరిదీ కాదు. రూబీ తెలుగులో చదివింది. నొప్పులు పడే మనిషి భయపడితే, ఆ మంత్రసాని ఆమె చేత పుట్టింటికి పోయే దారిలో ఊళ్ళన్నీ వరసగా చెప్పించేది. ఆఖరి ఊరు వచ్చేసరికి బిడ్డ వచ్చేది.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

రూబీ పుట్టినప్పుడు వాన, దారంతా మునిగిపోయింది, ఎవర్నీ తీసుకురాలేకపోయాను. సంపూర్ణ తన చెయ్యి నా చేతిలో పెట్టి, తనకి తనే చెప్పుకుంది, పాలకొల్లు నుంచి పెనుగొండ దాకా, వాళ్ళ నాన్న ఇంటిదాకా, ఒక్కో ఊరూ. ఇది నేను రూబీకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇవాళే రూబీకి చెప్పాను.

నిజమేనా నాన్నా అంది. తలూపాను. ఆ మేడమ్‌ని ఫోన్లో అడిగితే ఈ వాక్యం ఎక్కడిదో నాకు గుర్తులేదండి అందంట. ఆధారం లేని వాక్యం ఉంచకూడదు. నువ్వు చెప్పినట్టు నీ పేరు వేస్తే ఉంచొచ్చు నాన్నా, వ్యక్తిగత సంభాషణ అని రాస్తారు అంది. అమ్మ పేరు వెయ్యొచ్చా అన్నాను. చెప్పిన మనిషి బతికుండాలి, తేదీ ఉండాలి అంది.

నా పేరు! జర్నల్‌లో! పోయినవారం అయితే వీధంతా పరిగెత్తి చెప్పేవాణ్ణి.

వద్దమ్మా అన్నాను. అది ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట. నా పేరు తగిలించుకుని తిరగొద్దు. తీసెయ్యి.

ఈసారి రూబీయే నొక్కింది.

1 సెప్టెంబరు, సోమవారం

ఇష్యూ వెళ్ళిపోయింది. ఒక్క తప్పు లేదని ఎడిటర్ గారు రూబీని భీమవరం పిలిపించారు. పొద్దున్న బస్సుకి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కణ్ణే.

అరుగు మీద కూర్చుని ఊరికే చెప్పుకున్నాను. పాలకొల్లు. కవిటం. మార్టేరు. ఆ తర్వాతది గుర్తు రాలేదు.

నెగ్గిపూడి అంది, వంటింట్లోంచి.