మొగి మునగొద్దు

ఎల్లారెడ్డి,
1939 ఆగస్టు 12

రాజంపేటలో ఉన్న మా అవ్వకు బిడ్డ లిదియా దండాలు పెట్టి రాసేది. దేవుని దయవల్ల నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ, అన్నా, మన కుంటిమేకా క్షేమమేనని తలుస్తాను. స్వామిదాసన్నా, దీన్ని అరుగు మీద కూర్చుని అవ్వకు గట్టిగా చదివి వినిపించు. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగించావు, “అద్దాల తొట్టిల గడ్డి నాటుడేంది బిడ్డా? నిన్ను పంతులమ్మను జేసింది గిందుకేనా?” అని. చదివి నవ్వుకున్నాను గానీ, ఇప్పుడు ఆ గడ్డే నా నౌకరీ మీదికి తెచ్చింది.

బడిపిల్లలకు చేపలు, నీటి మొక్కలు చూపించడానికి పట్నం నుంచి ఆ తొట్టి వచ్చింది. కామారెడ్డి టేసను నుంచి ఎడ్లబండిలో, కింద వరిగడ్డి పరిచి నేనే తెచ్చాను. అడుగున కడిగిన ఇసుక పోశాం. మొక్కలు రెండు రకాలు. ఒకటి పట్టీల్లాంటి పొడుగాకుల గడ్డి, దానికి వేర్లున్నాయి. రెండోది కణుపుల తీగ, వేర్లు లేని తుంచిన ముక్కలు. నీళ్లు పోయగానే రెండూ పైకి తేలాయి. పెద్దపంతులు పుస్తకం తెరిచి, అన్నిటినీ నాలుగు వేళ్ల లోతున పూడ్చమని హుకుం వేశారు.

“మొగి మునిగితే గడ్డి మురుగుతది పంతులుగారూ” అన్నాను. కొత్త ఆకు పుట్టే మొగిని పూడిస్తే ఇంకేం మిగులుతుంది?

“నాట్ల కూలోళ్ల ముచ్చట్లు బడిల జెప్పకు” అన్నారు.

వారం తిరక్కుండానే గడ్డి నడుమ నల్లబడి, పట్టుకుంటే ఊడివచ్చింది. ఆయన చేపలే పాడుచేశాయని వాటిని తిట్టారు! మిగిలిన మొక్కలను నేను ఎవరినీ అడగకుండా నాటాను. గడ్డి వేర్లకు బంకమట్టి ముద్ద పెట్టి ఇసుకలోకి దించి, మొగి బయటపడేదాకా మెల్లగా పైకి లాగాను. తీగ ముక్కలకు కింది ఆకులు దూసి, రెండు కణుపులు మాత్రం ఇసుకలో గుచ్చాను. మడిలో నా బొటనవేలు పట్టుకుని నువ్వు చెప్పిందే కదా, “యేరు లోపటికి, మొగి బయటికి” అని. పదిహేను రోజులకు అద్దం పక్కన తెల్లటి వేర్లు కనబడ్డాయి. ఎగిరి గంతేయాలనిపించింది.

ఇక, ఇన్నాళ్లూ నీకు రాయలేకపోయిన మాట. తనిఖీకి వచ్చిన అమ్మగారు తొట్టి చూసి మురిసిపోయి, “ఇట్లా నాటడం ఎవరు నేర్పారు?” అని అడిగారు. “పుస్తకంల చదివిన” అన్నాను. పుస్తకంలో లేదు అవ్వా. అంతమందిలో నీ పేరు చెప్పడానికి సిగ్గుపడ్డాను. నువ్వు బురదలో నిలబడి నన్ను చదివిస్తే, నేను నీ పేరే మింగేశాను. ఆ పూట అన్నం సహించలేదు.

నిన్న పెద్దపంతులు ఒక కాగితం నా ముందు పెట్టారు. కామారెడ్డిలో పంతుళ్లందరికీ చూపించడానికి అమ్మగారు ఈ పద్ధతి రాసి పంపమన్నారట. “పెద్దపంతులుగారు పుస్తకం చూసి చెప్పినది” అని ఉంది. కింద నా దస్కతు కావాలట. నేను ఆ వరుస కొట్టేసి, “రాజంపేట నాట్ల కూలి ముత్తవ్వ నేర్పినది” అని రాసి దస్కతు చేశాను.

“నౌకరీ పోతది, చూస్కో” అన్నారు.

“పోనియ్యుండ్రి. నాటేసుడు నాకొచ్చు” అన్నాను. ఆ కాగితాన్ని అమ్మగారికి నేనే టపాలో వేశాను.

ఉంచుతారో తీసేస్తారో వచ్చే శనివారానికి తెలుస్తుంది. తప్పైందని నీకు చెబుతాను, ఆయనకు మాత్రం చెప్పను. అన్నా, నేను రాసిన ఆ వరుసను ఇంకోసారి, వాకిట్లో వాళ్లందరికీ వినపడేలా చదువు.

నౌకరీ ఉంటే దసరా సెలవులకు వస్తాను. పోతే ఆ మర్నాడు ఆదివారమే వస్తాను. మడిలో నీ పక్క నాటు వరుస, ఆ మునుము ఎవరికీ ఇవ్వకు, నేను నాటుతాను.

ఇట్లు,
నాట్ల కూలి ముత్తవ్వ బిడ్డ
లిదియా