పదకొండు వేలు దాటాక

మార్చి 4
బాక్స్ వచ్చింది. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత ఉంది, అంతే. ప్రోగ్రామబుల్ ఇగ్నిషన్. ఇంజన్ ఏ స్పీడులో ఉన్నప్పుడు స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు పడాలో ల్యాప్‌టాప్‌లో మనమే రాసుకోవచ్చు. పెద్ద టీములు వాడేవాటి ధరలో పదోవంతు కూడా లేదు. అన్నయ్య అరచేతిలో వేసుకుని, బొమ్మ బాగుందన్నాడు.

ఇరవై ఏళ్లుగా నా రేసు బండి ట్యూన్ చేసేది తనే. చెవితో చేస్తాడు. ఆ చెవి నాకు కప్పులు తెచ్చింది, కాదనను. కానీ పదకొండు వేల ఆర్‌పీఎం దాటాక బండి ఊపిరి బిగపట్టేస్తుంది. ట్రాక్‌లో మలుపుల్లేని స్ట్రెయిట్‌లో అందరూ నన్ను దాటిపోతారు. పదిహేడో నంబరు వాడైతే దాటుతూ చెయ్యి ఊపుతాడు. నన్ను పిన్ని అంటాడు. అన్నయ్య లెక్కలో తప్పు బండిది కాదు, నా నలభై రెండేళ్లది.

మార్చి 5
అది బిగిస్తే బండి ముట్టుకోనన్నాడు అన్నయ్య. ముట్టుకోకు అన్నా.

మార్చి 11, ఉదయం
బస్సు డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకున్నా. ఆరింటికల్లా షెడ్డులో ఉన్నా. వైరింగ్ అంతా నేనే. బాక్స్‌తో వచ్చిన కాగితంలో ఒక రంగు, వైరుది ఇంకో రంగు. రెండుసార్లు విప్పి కలిపా. తోస్తే స్టార్ట్ అయింది. ఒక్కదాన్నే నవ్వుకున్నా.

మార్చి 16
పిస్టన్ పోయింది.

ప్రాక్టీసులో ఆరో ల్యాప్. ఇంజన్‌లో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు, వెంటనే వెనక చక్రం బిగిసింది. క్లచ్ పట్టా కాబట్టి పడలేదు. విప్పి చూస్తే పిస్టన్ అంచు ఎలుక కొరికిన సబ్బులా ఉంది. అన్నయ్య కంచె అవతల నిలబడి చూశాడు. తిట్టినా బాగుండేది. వదిన తువ్వాలు ఇచ్చింది. 'నే ముందే చెప్పా' అనే మొహంతో తిరిగే మనిషితో తను పాతికేళ్లుగా కాపురం చేస్తోందట, నేను ఒక్క వారం ఓర్చుకోలేనా అంది.

మార్చి 17
బాక్స్ తప్పా, నా తప్పా? తేలేదాకా పాతది పెట్టను. ఎవరేమనుకున్నా సరే.

మార్చి 23
నా తప్పే. రాయడానికి చెయ్యి రావట్లేదు, అయినా రాస్తున్నా.

కొత్త పిస్టన్ వేసి, బండి స్టాండ్ మీద పెట్టి, స్పార్క్ నిజంగా ఎప్పుడు పడుతోందో టైమింగ్ లైట్‌తో చూశా. స్క్రీన్ మీద ఇరవై రెండు డిగ్రీలు. లైట్‌లో ఇరవై ఆరు. ఇంజన్ ఎంత తిరిగిందో కనిపెట్టే పికప్ కాయిల్ ఎక్కడుందో బాక్స్‌కి మనమే చెప్పాలి. నేను కొలవలేదు, కాగితంలో ఉన్న అంకె కొట్టేశా. ప్రతి స్పార్కూ నాలుగు డిగ్రీలు ముందే పడి పిస్టన్‌ని తినేసింది. పాపం అది చెప్పింది చెప్పినట్టు చేసింది. చెప్పినదాన్ని నేను.

అన్నయ్యకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పా. ఇప్పటికైనా తీసేయమన్నాడు. తప్పు నాదైతే దాన్నెందుకు తియ్యాలన్నా. ఫోన్ పెట్టేశాడు.

మార్చి 30
కొలిచా. మళ్లీ కొలిచా. పదకొండు వేల పైన స్పార్క్ ఒక్కో డిగ్రీ ఆలస్యం చేస్తూ, ప్రతి మూడు ల్యాపులకీ స్పార్క్ ప్లగ్ తీసి, మంట సరిగ్గా ఉందో లేదో దాని రంగులో చూస్తూ పోయా. ఇవాళ పన్నెండు వేల వంద. బండి ఊపిరి ఆగలేదు.

ఏప్రిల్ 6
రేస్. స్టార్ట్‌లో బండి ఒక్క క్షణం తడబడింది, తొమ్మిదో స్థానానికి పడిపోయా. ఇక చచ్చినా తగ్గకూడదనుకున్నా. మూలల్లో ఎవరినీ దాటలేదు, నా స్ట్రెయిట్ కోసం ఆగా. ఎన్నేళ్లుగానో నన్ను అందరూ దాటిన చోటే ఒక్కొక్కరినీ దాటా. ఆఖరి ల్యాప్‌లో పదిహేడో నంబరు పక్కకి వచ్చా. వాడు ట్యాంకు మీద పడుకున్నాడు, నేనూ పడుకున్నా. వాడి ఇంజన్ గొంతు ఒక స్థాయి దగ్గర ఆగిపోయింది. నాది ఇంకా పైకి పోతూనే ఉంది.

నాలుగో స్థానం. కప్పు లేదు. వాడు హెల్మెట్ తీసి వచ్చి, బండికి ఏం పెట్టావక్కా అని అడిగాడు. ఒక్క రేసుతో పిన్ని నుంచి అక్కనయ్యా.

అన్నయ్య అప్పటికే వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 7
పొద్దున్నే అన్నయ్య షెడ్డుకి వచ్చాడు. స్టార్ట్‌లో ఏడు వేల దగ్గర తడబడుతోందన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచా. నిజమే, అక్కడ గ్రాఫ్ గీత గుంటలా దిగింది. నన్ను జరగమన్నాడు.

జరగలేదు. పక్కన కూర్చోమన్నా.

కూర్చున్నాడు.