బొగ్గు బర్బారమ్మ

స్తారె షిబి, నవంబరు 26

పూజ్యులైన ఫాదర్ తిమోతెయుష్ గారికి, చర్చి బాయిలరులో ముప్పై ఒక్క ఏళ్లుగా బొగ్గు వేస్తున్న ఎర్విన్ పిత్లిక్ దండాలు పెట్టి రాయునది. దేవుడు మేలు చేయుగాక!

రెండు వీధుల అవతల ఉన్నవాడు ఉత్తరం రాయడమేమిటని అనుకోకండి. మీరు చర్చి తలుపుకు అంటించిన కాగితం తీసేదాకా మీతో నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్నాను. "బర్బారమ్మ పండుగ తర్వాత ఈ చర్చిలో బొగ్గన్నది ఒక్క ముక్క కూడా ఉండదు" అట! గనివాళ్ల ఊళ్లో, గనివాళ్ల తల్లి పండుగకి! కప్పు మీద సోలార్ పలకలు వేస్తారా, వేసుకోండి. డిసెంబరులో మా ఊరికి సూర్యుడు పిలిచినా రాడు. అది మీకూ ఆయనకూ మధ్య సంగతి. ఆవిడ జోలికి మాత్రం వెళ్లకండి. ఎవరిని అంటున్నానో మీకు తెలుసు.

ఇట్లు,
ఎర్విన్ పిత్లిక్

తా.క. పక్కవీధి ఒతిలియాను కదిలించి చూశాను. "నా ఇంటి మీద ఆ అద్దాలు వేసేది నా పీనుగ లేచాకే" అంది. ఊరంతా ఇదే మాట. ఊరంటే మేమిద్దరం.


నవంబరు 27

ఎర్విన్ గారికి, దేవుడు మేలు చేయుగాక.

మీ బాధ అర్థమైంది. ఇన్నేళ్లు మీ చేతులతో చూసుకున్నారు. మీరు ఆవిడ అంటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను. కానీ ఆవిడకు వయసైపోయింది. లోపలంతా మసి. ఆవిడ వల్ల పూజలో పిల్లలు దగ్గుతున్నారు. భూమి దేవుడు మనకు అప్పగించిన ఇల్లు, దాన్ని ఇంకా వేడెక్కించే పని మానుకుందామంటే సంఘం వాళ్లందరూ చేతులెత్తారు. మీరూ ఎత్తారు. పండుగ మర్నాడు ఇద్దరు మనుషులు సుత్తులతో వస్తారు. మెట్ల మీద మొత్తంగా పట్టదు గనక ముక్కలు చేసి మోసుకుపోతారు.

మీ శ్రేయోభిలాషి,
ఫాదర్ తిమోతెయుష్

తా.క. ఆవిడ ఉన్న చోట సైకిళ్లు పెట్టుకోవచ్చు.


నవంబరు 29

ఫాదర్ గారికి. మేలు చేసే పని దేవుడికే వదిలేస్తున్నాను.

నేను చెయ్యెత్తింది కిటికీ మూయమని చెప్పడానికి.

సుత్తులా? సైకిళ్లా? మన బర్బారమ్మను మా తమ్ముడు రుఫిన్ ఒకే బొగ్గు దిమ్మ నుంచి ఎనిమిది నెలలు చెక్కాడు. కుడిచేయి విరిగిపోతే ఏడ్చి, ఇంకో చేయి చెక్కి ఇత్తడి సీలతో బిగించాడు. ఆ మరుసటేడు గని కప్పు కూలింది. వాడు పైకి రాలేదు. వాడికి సమాధి కూడా లేదు ఫాదర్, నేను కొవ్వొత్తి పెట్టేది ఆవిడ ముందే.

నిన్న సాయంత్రం పూజకు పొయ్యిలో ఆఖరిసారి బొగ్గు వేసి, తాళాలు మీ గుమ్మంలో పెట్టాను.

ఎర్విన్

తా.క. ఆవిడ గూట్లో లేదు. దాచేశాను. మీ కళ్లెదుట ఉన్నా కనపడదు.


డిసెంబరు 1

ఎర్విన్ గారూ! నేనన్నది బాయిలరు! బాయిలరు!

ఖాళీ గూడు చూశాను. ఆ కాగితం నా చేత్తోనే చింపేశాను. "ఇకపై ఈ చర్చిలో బొగ్గు కాల్చం, బర్బారమ్మ ఎక్కడికీ పోదు" అని కొత్తది అంటించాను. పలకల నుంచి వచ్చే మొదటి వెలుగు ఆవిడ గూటి దీపానికేనని ఎప్పుడో అనుకున్నాను. రుఫిన్ సంగతి నాకెవరూ చెప్పలేదు, క్షమించండి. నాలుగో తారీఖున పండుగకి గనివాళ్ల బ్యాండు వస్తుంది. ఆలోగా తెచ్చేయండి, మీకు పుణ్యముంటుంది.

ఫాదర్ తిమోతెయుష్

తా.క. మీరు పని మానేశారు కదాని నేలమాళిగ ఖాళీ చేయించాను. మిగిలిన బొగ్గంతా ఈ ఉదయమే బండిలో ఒతిలియా గారింటికి పంపాను. పాపం, చలికి తట్టుకోలేకపోతోందట.


అదే రోజు

ఫాదర్,

ఆవిడ ఆ బొగ్గు కిందే ఉంది. ఒతిలియాకు చూపు ఆనదు. నేను పోతున్నాను, ఈ కాగితం నా భార్య త్రూదా తెచ్చి ఇస్తుంది.

ఎ.

తా.క. కొత్త కాగితం నేనింకా కళ్లతో చూడలేదు కాబట్టి ఒట్టు ఒట్టే. లేకపోతే ఇక్కణ్ణుంచే అరిచేవాణ్ణి.


డిసెంబరు 3

ఫాదర్ గారికి, దేవుడు మనిద్దరికీ మేలు చేయుగాక.

ఆవిడ దొరికింది. నేను రొప్పుకుంటూ వెళ్లేసరికి ఒతిలియా ఆవిడను వంటింటి బల్ల మీద నిలబెట్టి, తన శాలువా కప్పి, పొయ్యి ఆర్పేసి కూర్చుంది. "పారతో తోడుతుంటే ముఖం చేతికి తగిలింది ఎర్విన్. నన్ను కాల్చకే అని చెప్పడానికే నా ఇంటికొచ్చింది" అంది.

కుడిచేయి మాత్రం లేదు. బండిలో ఊడిందేమోనని రెండు రోజులు ఇద్దరం బొగ్గంతా ఒక్కో ముక్కా గుడ్డతో తుడిచి చూశాం. ఇంతలో కాస్త మంట వేసుకోమంటే, "ఏ ముక్క ఆవిడ చేయో తెలియకుండా ఎలా వేస్తానురా?" అంటుంది.

ఇవాళ మధ్యాహ్నం తలుపు మీది కొత్త కాగితం చూసి, బాయిలరు దగ్గరికి వెళ్లాను. సుత్తులవాళ్లకు మసితో అప్పగించడానికి మనసు రాలేదు. శుభ్రం చేస్తుంటే బూడిదలో ఇత్తడి సీల కనపడింది.

ఆఖరిసారి బొగ్గు వేసే ముందే ఆవిడను ఆ కుప్ప కింద దీపం లేకుండా దాచాను కదా, చేయి అప్పుడే ఊడినట్టుంది. ఆ సాయంత్రం పారతో ఎత్తి పొయ్యిలో వేసింది నేనే. మీరు ముక్క కూడా ముట్టుకోలేదు. నా తమ్ముడు చెక్కిన చేతిని నేనే కాల్చాను. ఆ రోజు చర్చి ఎంత వెచ్చగా ఉందోనని అందరూ మెచ్చుకున్నారు కూడా.

పాపం ఒప్పుకోవడం కాగితం మీద చెల్లదని తెలుసు. రేపు పూజకు ముందే ఆవిడను ఎత్తుకుని వస్తాను. నోటితోనే చెబుతాను.

మీ ఎర్విన్

తా.క. సీల సంగతి ఒతిలియాకు చెప్పకండి. వెతుకుతున్నంత కాలం ఒక్క ముక్క కూడా కాల్చదు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. మా బొగ్గు కూడా తిరగేస్తోంది, మా పొయ్యి కూడా ఆర్పించింది. నేనూ త్రూదా కోట్లు తొడుక్కుని సూప్ తాగుతున్నాం. మీ పలకలవాళ్లను కాస్త తొందరగా పంపండి, రెండిళ్లకీ.