పదివేల అడుగుల మీద నల్ల పొగ

స్ప్రూస్ క్రీక్ క్యాంపు, కొలరాడో
గురువారం

ప్రియమైన ఓరిన్‌కి,

లవోన్ రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అమరిల్లోలో నువ్వూ, తుంటి ఆపరేషన్ అయిన వదినా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది. రేంజర్ కార్లీన్ మంగళవారం తెచ్చి ఇచ్చింది. కవరు అంచు కొంచెం లేచి ఉంటే ఎవరైనా విప్పి చదివారేమోనని వెలుతురుకి పెట్టి చూశాను. నువ్వే జిగురు సరిగ్గా అంటించలేదని తేలింది.

అడిగినవాటికి వరసగా చెబుతాను. చిక్కుడు గింజలు ఇంకా ఉడకలేదు. ఈ ఎత్తులో నీళ్ళు మరుగుతున్నట్టు నటిస్తాయే గాని దేన్నీ ఉడికించవు. వడగళ్ళు రెండుసార్లు పడ్డాయి, పైకప్పు కారలేదు. బీపీ మాత్రలు మర్చిపోకుండా వేసుకుంటున్నాను. ఇక జనరేటర్ సంగతి అడిగావు. దానికి జవాబు పొడుగు, కూర్చుని చదువు.

మనం కొండెక్కిన మర్నాడే నువ్వు బయల్దేరావు కదా. ఆ తర్వాత మూడోరోజు నేను మన క్యాంపు పనిలో భాగంగా మరుగుదొడ్లు కడిగి వస్తుంటే, ఏడో నంబరు చోటులో బండి పెట్టుకున్న వెర్లిన్ మన బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, జనరేటర్ తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి ఉన్నాడు. మన ఇల్లూ వాకిలీ అన్నీ ఆ బండే. ఎవరో నా వంటింట్లో దూరినట్టే అనిపించింది.

"ఏమయ్యా, అక్కడేం పోగొట్టుకున్నావు?" అన్నాను.

"ఏం లేదు లవోన్. మీ ఆయన ఓసారి చూడమన్నాడు."

"మా ఆయన నాతో అనలేదే?"

"నీతో అంటే నన్ను ముట్టుకోనిస్తావా ఏంటి?" అని పళ్ళికిలించి, చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ నవ్విన తీరు నాకు నచ్చలేదు. వెంటనే తలుపు తీసి చూశాను. లోపల చిన్న మీట ఉంటుంది చూడు, సున్నా నుంచి పది దాకా అంకెలున్నది. చలికాలమంతా అరిజోనా ఎడారిలో అది సున్నా మీదే ఉంది, జనరేటర్ గడియారంలా నడిచింది. వెర్లిన్ దాన్ని పదికి తిప్పిపెట్టాడు. పాడుచేయడానికే అనుకున్నాను. మళ్ళీ సున్నాకి తిప్పేసి, ఎవరైనా కదిలిస్తే తెలిసేలా గోళ్ళరంగుతో ఎర్ర గీత గీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొండెక్కాక జనరేటర్ మొదటిసారి నడిపింది ఆ సాయంత్రమే, ఆనాటి నుంచి దానికి దగ్గు పట్టుకుంది. నల్లటి పొగ. మైక్రోవేవ్ పెడితే చాలు, గుక్కపట్టి ఆగిపోయేది. రెండు వారాలు రావలసిన పెట్రోలు తొమ్మిది రోజులకే అడుగంటింది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, అంతకుమించి ఒక్క నిమిషం నడపలేదు. మరి పెట్రోలు ఎటు పోయినట్టు? ఏడో నంబరులో వెర్లిన్ జనరేటర్ మాత్రం సన్నగా, హాయిగా పాడుతుండేది. ఎవరి పెట్రోలు తాగి పాడుతోందో నాకు అర్థమైపోయింది.

పెట్రోలు మూతకి టేపు ముక్క అంటించి రోజూ చూసేదాన్ని. అంటించింది అంటించినట్టే ఉండేది. దాంతో అనుమానం తీరిందనుకున్నావా? పీకి మళ్ళీ అంటించేంత ఘటికుడని తేల్చుకున్నాను. అతని భార్య నేడీన్ పీచ్ పళ్ళ కేకు తెచ్చి ఇస్తే, దొంగతనం కప్పిపుచ్చడానికే అనుకుని ఉడతలకి వేశాను. ఉడతలకి ఏమీ కాలేదు. అదీ కనిపెట్టి చూశాను.

చివరికి వెర్లిన్ మన పెట్రోలు గొట్టం పెట్టి లాగుతున్నాడని కార్లీన్‌కి చెప్పాను. ఆమె ఒక ప్రశ్న అడిగింది, జవాబిచ్చాను. మర్నాడు పదింటికల్లా వాళ్ళని ఖాళీ చేయించింది. ఈ అడవిలో ఏ క్యాంపులోనూ ఇక దిగకూడదని కాగితం చేతిలో పెట్టింది. వచ్చే వేసవికి మనలాగే ఏదో ఒక క్యాంపు చూసుకునే పని దొరుకుతుందని వాళ్ళు ఎంత ఆశపడ్డారో నీకు తెలుసు. నేడీన్ నా వైపు చూడకుండా కుర్చీలు మడిచి లోపల పెట్టింది. వెర్లిన్ కిటికీ అద్దం దించి, "లవోన్, ఆ మీటని మాత్రం..." అని ఏదో మొదలెట్టాడు.

"నీ సలహాలు నాకొద్దు, పద పద" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక కూడా పొగ అలాగే వచ్చింది. పెట్రోలు అలాగే అయిపోయింది. అప్పుడు ఎనిమిదో నంబరువాళ్ళ మీద కన్నేశాను ఓరిన్, నిజం చెబుతున్నాను. వాళ్ళది గుడారం. వాళ్ళకి జనరేటరే లేదు.

మంగళవారం నీ ఉత్తరం వచ్చింది. "హడావిడిలో మీట తిప్పడం మర్చిపోయాను, వెర్లిన్‌కి చెప్పి వచ్చాను, పదికి తిప్పాడా? పదివేల అడుగుల మీద గాలి పలచన, పెట్రోలు కూడా తగ్గించి ఇవ్వకపోతే సగం కాలక పొగై పోతుంది" అని రాశావు. ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్ళి మీట తిప్పాను. జనరేటర్ రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, సన్నగా పాడడం మొదలెట్టింది. పొగ లేదు. నేను గీసిన ఎర్ర గీతని గోటితో గీకేశాను.

ఇంతవరకు రాయకుండా దాటేసిన మాట ఒకటుంది. ఆరోజు కార్లీన్ అడిగిన ప్రశ్న, "నీ కళ్ళతో చూశావా?" అని. "చూశాను, గొట్టం అతని నోట్లోనే ఉంది" అన్నాను. నేను చూడలేదు ఓరిన్. గొట్టమూ లేదు, ఏమీ లేదు. పొరపాటు పడ్డానని సర్దిచెప్పుకోవడానికి కూడా లేదు. అబద్ధమని తెలిసే చెప్పాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న కార్లీన్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆమె సొరుగులోంచి ఆ కాగితం నకలు తీసి బల్ల మీద పెట్టింది.

"వాళ్ళ మీద రాసిన కాగితం ఇప్పుడే రద్దు చేస్తాను. కానీ ఇలా చెప్పిన మనిషికి క్యాంపు అప్పజెప్పి నేను నిద్రపోలేను లవోన్. శుక్రవారానికల్లా దిగిపోండి" అంది.

మన వేసవి చోటు పోయింది. పోగొట్టింది నేను. నువ్వు తిరిగి వచ్చేటప్పుడు ఇక్కడికి రాకు, సలైడాలో నది పక్కన ఉంటాను. అక్కడ ఎత్తు ఏడు వేల అడుగులే, మీటని ఏడుకి తిప్పాలట.

ఆ 'తిప్పాలట' అన్నది వెర్లిన్ మాటే. నిన్ననే అతని దగ్గరికీ వెళ్ళాను. పక్క ఊరు లెడ్‌విల్‌లో ఒక కొట్టు వెనక బండి ఆపుకుని ఉన్నారు. ఎన్ని తిట్లు తిట్టినా పడదామని వెళ్ళాను. అతను అంతా విని, "ఇంతకీ పదికి తిప్పావా?" అన్నాడు.

"తిప్పాను."

"పొగ?"

"రావట్లేదు."

"హమ్మయ్య. మరి బండి ఎవరు దింపుతారు? ఆ మలుపుల్లో నువ్వెప్పుడూ నడపలేదుగా."

"ఎవరో ఒకరిని..."

"ఊరుకో. శుక్రవారం నేనే దింపుతా. రేపు నువ్వు ఆఫీసులో అప్పగింతల పని మీద ఉన్నప్పుడు వచ్చి బ్రేకులు చూస్తాను. తాళం చెవి ఇచ్చి వెళ్ళు."

నేను లేనప్పుడు! అయినా సంచీలోంచి రెండో తాళం చెవి తీసి ఇచ్చాను. అంతదాకా బయటికి రాని నేడీన్ తలుపు దగ్గరికి వచ్చింది.

"ఆయనది వెర్రి మనసు, నాది కాదు. బండి దింపుతాడు, దింపనీ. నువ్వు మాత్రం నాతో మాట్లాడకు" అని తలుపు వేసుకుంది.

ఈ ఉత్తరం కార్లీన్ ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. అప్పగింతలు అయిపోయి గంటన్నర దాటింది. ఈపాటికి వెర్లిన్ మన బండిలో ఒక్కడే ఉంటాడు. నీ పనిముట్లు, నా గొలుసు, మన కాగితాలు అన్నీ అక్కడే ఉన్నాయి. కారు గుమ్మం ముందే ఉంది, క్యాంపు ఇరవై నిమిషాల దారి. ఒక్కసారి వెళ్ళి తొంగిచూసి రావాలని కాళ్ళు లాగుతున్నాయి. అందుకే ఓరిన్, నీకింత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. అతను పని ముగించుకుని తాళం చెవితో ఇక్కడికి వచ్చేదాకా ఈ కుర్చీలోంచి లేవను.

ఇట్లు,
కలం కింద పెట్టడానికి భయపడుతున్న
నీ ఇల్లాలు,
లవోన్