ముందు టైర్ల లోపలి అంచు

జూలై 1, మంగళవారం

ముందు టైర్లు మళ్ళీ అరిగాయట. ఇడ్లీ తింటూ ఈయన అదే పాట — "ఏడాది గూడ నిలవలే. స్పీడ్ బ్రేకర్ల మీద నువ్వు ఎట్ల పోతున్నవో ఏమో." ఈ ఎలక్ట్రిక్ కారు అమ్మేసి పెట్రోలు కారు తీసుకుంటాడట. గేర్లది. నలభై ఆరేళ్ళ వయసులో నేను డ్రైవింగ్ నేర్చుకున్నదే దీనికి గేర్లు, క్లచ్చి లేవు కాబట్టి. అది పోతే నా డ్రైవింగూ పోయినట్టే. ఈయనకు తెలుసు. తెలిసే అంటున్నాడు.

జూలై 2, బుధవారం

అడిక్‌మెట్‌లో మా బడికి కారులోనే వెళ్ళాను. అశోక్ నగర్‌లో హాస్టల్ పిల్లలు పుస్తకంలో తల పెట్టుకునే రోడ్డు దాటుతారు. హారన్ కొట్టలేదు. గట్టిగా బ్రేకూ వేయలేదు. మరి నేను అరగదీస్తున్నది ఎక్కడ?

జూలై 4, శుక్రవారం

ఇంటికి వచ్చి స్టీరింగ్ తిప్పేసి ఉండగానే కారు ఆపేశాను. ఈయన రోజూ తిట్టే పని. మెట్లెక్కుతూ వెనక్కి చూస్తే — ముందు చక్రం పక్కకు తిరిగి ఉంది, టైరు లోపలి వైపు కనిపిస్తోంది. దిగి వచ్చి చెయ్యి పెట్టాను. బయటి వైపు గీతలు లోతుగానే ఉన్నాయి. లోపలి అంచు మాత్రం నున్నగా... ఒక చోట దారాలు తేలాయి. రెండో టైరూ అంతే.

స్పీడ్ బ్రేకర్‌కు తగిలితే రెండూ లోపలే అరుగుతాయా? కొంగంతా మసి. చాలా సంతోషంగా ఉంది, నిజం చెప్పాలంటే.

జూలై 5, శనివారం

నారాయణగూడలో చక్రాలు సరిగ్గా నిలబెట్టే అలైన్‌మెంట్ చేయించాను. షాపులో అన్న చూడగానే, "స్ప్రింగులు మార్పిచ్చిన్రా అక్కా? బండి కిందికి ఉన్నది."

మార్పించింది ఈయన. పోయిన దసరాకి. వెడల్పు వీల్స్ వేయించాడు, అది చాలక "లుక్కు రావాలె" అని స్ప్రింగులు మార్పించి కారును కిందికి దించాడు. అలా దించితే చక్రాల పైభాగం లోపలికి వాలుతుందట. ఈ కారుకు బ్యాటరీ బరువొకటి. ఆ బరువంతా లోపలి అంచుల మీదే. "ఎంత సెట్ చేసినా గట్లనే అరుగుతయి" అన్నాడు షాపు అన్న.

ఇంటికొచ్చి చెప్పాను. "వాళ్ళు గట్లనే చెప్తరు" అన్నాడు. టీవీ సౌండ్ పెంచాడు. కాసేపటికి — "రేపు ఒకాయన వస్తుండు, కారు చూడనీకి. బర్కత్‌పుర నుంచి."

ఏడుపొచ్చింది. కోపంతోనే.

జూలై 6, ఆదివారం

వచ్చినాయన ముందు వీల్స్ దగ్గరే ఆగాడు. "మస్తున్నయ్ అన్నా." ఈయన ముఖం వెలిగిపోయింది.

"మరి ఎందుకు అమ్ముతున్నరు?"

"మా ఇంట్ల ఆమె నడుపుతది, జర..."

జర — ఏంది? అనుకున్నాను.

వచ్చినాయన ఒక రౌండు కొట్టి చూద్దామన్నాడు. ఈయన తాళం కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. "నేనే నడిపి చూపిస్త, కూర్చోండి" అన్నాను. వచ్చినాయన ముందు, ఈయన వెనక. నేను నడిపితే ఈయన వెనక కూర్చోవడం ఇదే మొదలు. చిక్కడపల్లి సందు దాటి మెయిన్ రోడ్డు, నారాయణగూడలో యూటర్న్. ముగ్గురి బరువు... టైరు పైనున్న ప్లాస్టిక్‌కు గీరుకుని బర్రుమంది.

"ఏంది అక్కా ఆ సప్పుడు?"

అద్దంలో ఈయన్ని చూశాను. "మీరే చెప్పండి."

సిగ్నల్ దగ్గర ఆగాం. వెనక నుంచి ఈయన మెల్లగా — "కిందికి దింపిచ్చింది నేనే. టైర్లు అందుకే అరుగుతున్నయ్. ఆమె నడపబట్టి కాదు."

ఇంటి దాకా కారు ఎక్కడా తగలనివ్వలేదు.

వచ్చినాయన రేపు ఫోన్ చేస్తానని వెళ్ళాడు. పాత స్ప్రింగులు మళ్ళీ వేయిద్దామా అని అడిగితే ఈయన "చూద్దాం" అన్నాడు. కారు అమ్మను అని మాత్రం అనలేదు.

జూలై 7, సోమవారం

ఈయన స్నానంలో ఉంటే ఈయన ఫోన్ మోగింది. బర్కత్‌పుర ఆయనే. నేను ఎత్తలేదు — అమ్మనని ఈయన నోటితోనే చెప్పాలి. మళ్ళీ మోగుతోంది...