దగ్గుకు నాలుగు నిమిషాలు

నాన్నకు, మేమిద్దరం బాగానే ఉన్నాం.

తమ్ముడు బిజినెస్ డిగ్రీ మానేసి డాక్టరు చదువుకు వెళ్తానంటే గడప తొక్కొద్దన్నావట. ముందు సంగతి విను. కాలేజీవాళ్ళు వాణ్ణి రాళ్ళకు పాలిష్ పట్టే మా ఫ్యాక్టరీకే పంపారు, పనివాళ్ళు ఎన్ని నిమిషాలు వృథా చేస్తున్నారో రాసుకురమ్మని. నా పక్క మిషను మీద పనిచేసే ముసలామె పేరుకెదురుగా "దగ్గు, నాలుగు నిమిషాలు" అని రాశాడు నీ కొడుకు. ఆమె తొంగిచూసి, "దగ్గు కూడా రాశావా నాయనా? రేపట్నుంచి ఇంట్లోనే దగ్గేసి వస్తాలే" అంది. అందరూ నవ్వారు. నాకైతే వాడి చెంప పగలగొట్టాలనిపించింది. వాడు ఆ కాగితం చింపేసి, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి, సాయంత్రందాకా బెంచీ మీదే కూర్చున్నాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడే అన్నారట. అప్పట్నుంచీ వాడిది ఇదే మాట.

అటకమీది వాడి సైన్సు పుస్తకాలు పాతపేపర్లవాడికి వేసెయ్యకుండా పంపు. అమ్మ కళ్ళజోడు మార్పించావా? ప్రవేశపరీక్ష దరఖాస్తు వేరే కవరులో పంపాను, తండ్రి సంతకం కావాలట. నాది చెల్లితే నిన్ను అడిగేదాన్నే కాదు. నన్ను ఐదో తరగతిలో బడి మాన్పించినప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

అమ్మకూ నీకూ దండాలు. నీది మాత్రం సంతకం పెట్టాకే అందుకో.

నీ పెద్దపిల్ల